ప్లేటు తిప్పి చూడండి: పాత రికార్డుల మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి. సంక్రాంతికి అందరూ అటకలు దులిపినట్టున్నారు. కొత్తగా చదివేవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. మాది పాలకొల్లు. మా నాన్న మైకు సెట్టు నడిపేవాడు. పెళ్ళికైనా, సుబ్బారాయుడి షష్ఠికైనా కొబ్బరి చెట్టుకి హారన్ కట్టి తెల్లారగట్ల నాలుగింటికే పాట మొదలెట్టేవాళ్ళం. ప్లేట్ల పెట్టె సైకిలు వెనక పెట్టి, పడిపోకుండా ఒక చేత్తో పట్టుకుని నడవడం నా డ్యూటీ. ఆ ప్లేట్లన్నీ 1991లో నా చేతులతో నేనే పాత సామాన్లవాడికి తూకానికి వేసేశాను. ఇప్పుడు ఫోన్లో ఒక్కొక్కటీ వెతికి కొనుక్కుంటున్నాను, రెండేసి ఉన్నవి అమ్ముతున్నాను. ఈ శీర్షిక రాయడానికి నాకున్న అర్హత ఇంతే.

మా మామగారి ట్రంకు పెట్టెలో రెండొందల దాకా గ్రామఫోన్ ప్లేట్లు దొరికాయి. పాత సామాన్లతను కిలోల లెక్కన ఇచ్చేయమంటున్నాడు. మా అబ్బాయి మాత్రం నెట్లో ఒక్కోటి వేలల్లో ఉంది, ఆగమంటున్నాడు. ఎవరి మాట వినాలండీ?
— ఒక గృహిణి, అమలాపురం

ఇద్దరి మాటా వినకండమ్మా. పాత సామాన్లతని సంగతి సరే, నేను వినే కదా ఇప్పుడు ఇలా ఉన్నాను. మీ అబ్బాయి చూసింది అడుగుతున్న రేటు. అడగడానికేం, ఎవరైనా ఎంతైనా అడుగుతారు. ఏడాదిగా అదే రేటుకి అమ్ముడుపోకుండా పడి ఉన్న ప్లేట్లు నేను బోలెడు చూశాను. అమ్ముడైన రేటు చూడమనండి. ఈబేలో అమ్ముడైనవి మాత్రమే చూపించే ఏర్పాటు ఉంది. రికార్డులు కొని అమ్మే డిస్కాగ్స్ అనే సైటులో ప్రతి ప్లేటు పేజీలోనూ ఇదివరకు తక్కువలో తక్కువ ఎంతకి పోయింది, ఎక్కువలో ఎక్కువ ఎంత, మధ్యస్తంగా ఎంత అని ఉంటుంది. ఆ మధ్య అంకెని నమ్మండి.

రేట్ల కన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి ఉంటే లేపి నిలబెట్టండి, పుస్తకాల్లాగ. లేపేటప్పుడు ఐదారుకి మించి ఒకేసారి పట్టుకోవద్దు. తర్వాత మూడు గుట్టలు చెయ్యండి. బరువుగా, మందంగా, పళ్ళెమంత ఉండి లేబుల్ మీద 78 అని (నిమిషానికి తిరిగే చుట్ల లెక్క అది) ఉన్నవి లక్క ప్లేట్లు. ఇవి కింద పడితే గాజే. పెద్దగా, పల్చగా, పట్టుకుంటే కొంచెం వంగేవి ఎల్పీలు. వాటి మీద 33 అని ఉంటుంది. అరచేతి కన్నా కాస్త పెద్దగా 45 అని ఉన్నవి ఈపీలు. ఎల్పీలు అమెరికాలో 1948లోనే వచ్చినా మన దేశంలో లక్క ప్లేట్లు ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్ళ పైచిలుకు తయారయ్యాయి. అందుకే మన ఇళ్ళల్లో రెండు రకాలూ కలిసి దొరుకుతాయి.

ఇక పుస్తకం తీసుకుని రాసుకోండి. కంపెనీ పేరు, లేబుల్ మీది నెంబరు, రెండు వైపులా పాటలు. లక్క ప్లేట్ల మీద ఎన్ అనో, జి.ఇ. అనో అక్షరాల పక్కన అంకెలుంటాయి, అదే నెంబరు. లేబుల్‌కి, చివరి గాడికి మధ్య నున్నగా ఉన్న చోట కూడా సన్నగా అంకెలు చెక్కి ఉంటాయి. వెలుతురుకి వంచితే కనబడతాయి. ఒకే పాట పలుసార్లు అచ్చయి ఉంటే, మీ దగ్గరున్నది ఏ దఫాదో అవే చెప్తాయి. కొనేవాడు మొదట అడిగేది కూడా ఆ అంకెలే.

నిరుత్సాహపెడుతున్నానని అనుకోవద్దు. రెండొందల్లో నూట యాభైకి పెద్ద రేటు రాదు. ఇంటింటా ఉన్న ప్లేటుకి ఎవరిస్తారు? ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ మీ పెట్టెలో ఉండే ఉంటుంది, నేను తెరిచిన ప్రతి పెట్టెలోనూ ఉంది. భక్తి వేరు, బేరం వేరు. మిగిలిన యాభైలోనే అసలు విషయం ఉంటుంది. ఆడని సినిమాల పాటలు, ఊరి పేరుతో పిలిచే నాదస్వరం పార్టీలు, పద్య నాటకాల సెట్లు. మీకు దగ్గర్లోని ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ఆయన శిష్యుడు, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారి వీణ ఉన్నాయేమో విడిగా చూడండి. వీణ ప్లేట్లు కొనేవాళ్ళు మద్రాసులో, బెంగుళూరులో ఉన్నారు. అడిగి మరీ కొంటారు.

నాటకాల సెట్టుంటే మాత్రం విడదియ్యకండి. లక్క ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైన కాస్త ఆడుతుందంతే. నాటకం మొత్తం రావాలంటే ఎన్నో ప్లేట్లు కావాలి. అందులో ఒక్కటి పోయినా కథ మధ్యలో తెగిపోతుంది, రేటూ అక్కడే తెగుతుంది.

బొంబాయి అమ్మకందారు దగ్గర ఒక ఎల్పీ తెప్పించాను. 'వెరీ గుడ్ ప్లస్' అని పెట్టాడు. వేస్తే చిటపటలు. మోసపోయానా సార్?
— ఇంజనీరింగ్ విద్యార్థి, తణుకు

అవ్వచ్చు, కాకపోవచ్చు బాబూ. ముందు ఈ గ్రేడుల భాష నేర్చుకో. పైనుంచి కిందికి మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అని ఉంటాయి. ఇందులో 'గుడ్' అన్నదాన్ని చూసి మంచిదనుకుని కొన్నవాళ్ళని చాలామందిని చూశాను. గుడ్ అంటే ఆగకుండా చివరి దాకా ఆడుతుంది, ఆ చప్పుడు భరించడం నీ ఓపిక అని అర్థం. మన పెళ్ళి సంబంధాల్లో 'చామనఛాయ' లాంటి మాట అది. వెరీ గుడ్ ప్లస్ అంటే మాత్రం చిన్న చిన్న గీతలున్నా పాటకి అడ్డు రాకూడదు.

ఇప్పుడు నీ ప్లేటు సంగతి. చప్పుడు ఎలా వస్తోందో విను. ఒకే లెక్కలో టిక్కు టిక్కుమంటే అది గీత. ఎల్పీ నిమిషానికి 33 చుట్లు, ఇంకో మూడో వంతు తిరుగుతుంది, కాబట్టి గీత ఉంటే ఇంచుమించు 1.8 సెకన్లకొకసారి తగులుతుంది. గోరు మెల్లగా ఆనించి చూడు, గోటికి తగిలే గీత ఇక పోదు. అది అమ్మినవాడు చెప్పాల్సింది. అలా కాకుండా లెక్కా పత్రం లేకుండా చిటపటలాడితే అది దుమ్ము. ముప్పై ఏళ్ళ దుమ్ము గాడిలో కూర్చుని ఉంటే వాడిని తిట్టి లాభం లేదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపులో దొరుకుతుంది. అందులో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడువు, అడ్డంగా కాదు. లేబుల్ తడవనివ్వకు. మళ్ళీ ఉత్త నీళ్ళతో తుడిచి నిలబెట్టి ఆరబెట్టు, ఎండలో వద్దు. మన ఎండకి ఎల్పీ అప్పడమవుతుంది.

కడిగాక కూడా పాట గరగరమంటూ, ముఖ్యంగా పెద్ద గొంతు ఎత్తిన చోట చీరుకుపోతుంటే, అది అరిగిన ప్లేటు. అప్పుడు వాడికి రాయి. ముందు నీ ముల్లు మంచిదేనా అని కూడా చూసుకో, ఇంకో రెండు ప్లేట్లు వేసి చూస్తే తేలిపోతుంది. ఇకమీదట కొనే ముందు రెండు అడుగు. కిటికీ దగ్గర వంచి పట్టుకుని తీసిన ఫొటో ఒకటి, పాట మొదలు ముప్పై సెకన్లు ఫోన్లో రికార్డు చేసి పంపమని ఒకటి. నిజంగా వేసి చూసినవాడు పంపుతాడు. 'ప్లేయర్ లేదండీ, చూడ్డానికి బాగుంది' అంటే దాన్ని రెండు మెట్లు కిందికి దించి బేరమాడు. పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యి.

ఓఎల్ఎక్స్‌లో రికార్డులు పెట్టాను. ఒకాయన హిందీలో మిలిటరీ ఆఫీసరునని, బేరం లేకుండా ఒప్పేసుకుని, డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యమన్నాడు. భయమేసి ఆగాను.
— రిటైర్డ్ టీచరు, కాకినాడ

ఆగి మంచిపని చేశారు మాస్టారూ. డబ్బు మనకి రావడానికి మనం స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. మిలిటరీ వేషం పాతబడిపోయినా ఇంకా పనిచేస్తూనే ఉంది. పాత ప్లేట్లకి బేరం ఆడని మనిషి ఈ భూమ్మీద లేడు, అక్కడే అనుమానం రావాలి. ఎవరికైనా ఇప్పటికే పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నెంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

బెంగుళూరు పంపిన లక్క ప్లేటు మూడు ముక్కలై చేరింది. గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను. కొరియర్ వాళ్ళదా తప్పు, నాదా? డబ్బు వెనక్కివ్వాలా?
— భీమవరం నుంచి ఒకరు

మీదేనండి. ఇచ్చెయ్యండి. కొరియర్ వాళ్ళు పెట్టె విసురుతారని మనకి ముందే తెలుసు కదా. తెలిసీ గుడ్డలో చుట్టాం.

నన్నేమైనా పెద్ద తెలివైనవాణ్ణనుకునేరు. నేను మొదటిసారి పంపిన లక్క ప్లేటు నాలుగు ముక్కలైంది. ఇంట్లో కొబ్బరి పీచు దండిగా ఉంది, పరుపుల్లోకి పనికొచ్చేది ప్లేటుకి పనికిరాదా అని పెట్టె నిండా కుక్కాను. దార్లో ఊగి ఊగి పీచంతా ఒక మూలకి చేరి గడ్డ కట్టింది, ప్లేటు ఇంకో మూలకి పోయింది. కొన్నాయన ఫొటో పంపాడు. ముక్కల గాడుల నిండా పీచు పొట్టు. ఆయన తిట్టలేదు, 'ఆయ్, మీది కోనసీమ వైపాండీ' అని మాత్రం అడిగాడు. ఆ సిగ్గుతో నేర్చుకున్నాను.

లక్క ప్లేటుకి చెయ్యాల్సింది ఇది. ప్లేటు కన్నా చుట్టూ రెండంగుళాలు పెద్దగా గట్టి అట్టలు చదరంగా కోయండి. టీవీ, ఫ్రిజ్ పెట్టెల అట్ట అయితే శ్రేష్ఠం. అట్ట లోపల మడతల గీతలుంటాయి చూడండి, ఒక అట్టకి నిలువుగా, దాని మీది అట్టకి అడ్డంగా వచ్చేట్టు పెట్టాలి. అప్పుడు ఎటూ వంగదు. ప్లేటుకి అటు రెండు, ఇటు రెండు. ప్లేటు అట్టల మధ్య జారకుండా అంచుల చుట్టూ టేపు వెయ్యండి, టేపు ప్లేటుకి మాత్రం తగలకూడదు. ఈ మొత్తాన్ని ఇంకా పెద్ద పెట్టెలో పెట్టి, ఆరు వైపులా రెండేసి అంగుళాలు పాత పేపర్లు నలిపి బిగించండి. పెట్టె ఊపితే లోపల ఏ చప్పుడూ రాకూడదు. ఒక పెట్టెలో పదికి మించొద్దు. కట్టడం అయ్యాక నేను దాన్ని నడుమెత్తు నుంచి నేల మీదికి వదులుతాను. వదలడానికి గుండె ఒప్పకపోతే కట్టు ఇంకా పూర్తి కాలేదని లెక్క.

ఎల్పీకి ఇంత హడావుడి లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, ప్లేటుని బొమ్మ కవర్లోంచి తీసి లోపలి కాగితం కవరుతో సహా పక్కన పెట్టి పంపండి. లోపలే ఉంచితే దార్లో కుదుపులకి ప్లేటు అంచు కత్తిలా కవరు కుట్టుని చీల్చుకుని బయటికొస్తుంది. కవరు చిరిగితే సగం రేటు పోయినట్టే.

వర్షాకాలం వస్తే రికార్డుల మీద తెల్లగా బూజు. స్పిరిట్‌తో తుడిస్తే పోతుందని మెకానిక్ చెప్పాడు. తుడవచ్చా?
— నరసాపురం

లక్క ప్లేటు మీద స్పిరిట్ చుక్క పడనివ్వకండి! వడ్రంగులు తలుపులకి వేసే పాలిష్ ఎలా తయారవుతుంది? లక్కని స్పిరిట్లో కరిగించేగా. మీ పాట కూడా అలాగే కరిగి గుడ్డకి అంటుకుంటుంది. లక్క ప్లేటుకి చల్లటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, వెంటనే పొడిగుడ్డ, అంతే. నానబెట్టడం కూడా వద్దు. ఎల్పీ అయితే ప్లాస్టిక్ జాతి కాబట్టి నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి ఓర్చుకుంటుంది.

సముద్రం దగ్గర, చుట్టూ కాలవలు, బూజు రాక ఏమవుతుంది. నేల మీద, గోడకి ఆనించి పెట్టకండి, చెద కూడా ముందు అట్ట కవర్లనే పడుతుంది. బీరువా తలుపులు వారానికోసారి పొడి రోజు చూసి తెరిచి ఉంచండి. మెరిసే దళసరి ప్లాస్టిక్ కవర్లలో ఏళ్ళ తరబడి ఉంచితే ప్లేటు మీద మసక పొర పడుతుంది, పల్చటి పాలిథిన్ మేలు. 1996 నవంబరు తుఫానులో తడిసిన పెట్టెలు ఇప్పటికీ కోనసీమ నుంచి అమ్మకానికి వస్తుంటాయి. లేబుళ్ళు ఊడిపోయి, కవర్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటాయి. కానీ కడిగితే అందులో కొన్ని శుభ్రంగా పాడతాయి. నేనైతే అలాంటివి చవగ్గా వస్తే కొంటాను, అమ్మేటప్పుడు తడిసిందని రాస్తాను.

తాతగారి కీ ఇచ్చే గ్రామఫోన్ బాగుచేయించాం. దాని మీద ఎల్పీలు వెయ్యచ్చా?
— రాజమండ్రి

వద్దు, ఒక్కసారి కూడా. ముల్లు బిగించే ఆ గుండ్రటి సౌండ్ బాక్సు వంద గ్రాముల పైన బరువుతో నొక్కుతుంది. ఇప్పటి ప్లేయర్ ముల్లు మోపేది రెండు మూడు గ్రాములు. ఆ సౌండ్ బాక్సు ఎల్పీ గాడిని దున్నేస్తుంది. లక్క ప్లేట్లు వేసుకోండి, ఒక్కో వైపుకి ఒక కొత్త స్టీలు ముల్లు మార్చండి. పిసినారితనం చేస్తే ప్లేటు అరుగుతుంది. అదే తిరగేసి చూస్తే, ఇప్పటి ప్లేయర్ మీద లక్క ప్లేటు వెయ్యాలంటే 78 వేగం ఉంటే చాలదు, ముల్లు కూడా నాలుగు రెట్లు లావుది కావాలి.

నా దగ్గరున్న రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించి యూట్యూబ్‌లో పెడదామనుకుంటున్నా.
— రామచంద్రపురం

ఎక్కించి మీరు వినండి. ఊరందరికీ వినిపించాలంటే మాత్రం ప్లేటు మీది, పాట మీది కాదు. మన చట్టంలో రికార్డింగుకి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కుంటుంది. మాటలకి, వరసకి అయితే రాసినవారు పోయాక 60 ఏళ్ళు. రెండూ విడివిడిగా చూసుకోవాలి.

మా తాతగారిది మైకు సెట్టు. లేబుళ్ళ మీద సౌండ్ సర్వీసు రబ్బరు స్టాంపు, తెల్ల పెయింటుతో నెంబర్లు ఉన్నాయి. చెరిపేసి అమ్మితే ఎక్కువొస్తుందా? ఇంకోటి, చాలా ప్లేట్లు ఒకవైపు బూడిదరంగుకి వచ్చేశాయి, రెండోవైపు నల్లగా నిగనిగలాడుతున్నాయి. గ్రేడు ఏమని రాయాలి?
— రావులపాలెం

నెంబర్లు ఎందుకు వేసేవాళ్ళో తెలుసా? పెళ్ళిలో మగపెళ్ళివారు ఫలానా పాట వెయ్యమని కబురు పంపితే, పెట్రోమాక్స్ వెలుతురులో లేబుల్ చదవడం కుదరదు. పుస్తకంలో నెంబరు చూసి పెట్టెలోంచి లాగేవాళ్ళం. చెరపకండి. గోకితే లేబుల్ కాగితం లేచిపోతుంది, అది స్టాంపు కన్నా పెద్ద దెబ్బ. రేటు కొంచెం తగ్గుతుంది, నిజమే. ఫొటోలో స్పష్టంగా చూపించి, మైకు సెట్టు ప్లేటు అని రాసెయ్యండి. అలా రాసినవే వెతికేవాళ్ళు ఉన్నారు. ఒకడి సంగతి నాకు బాగా తెలుసు, రోజూ పొద్దున్నే అద్దంలో కనబడతాడు.

గ్రేడు రెండు వైపులకీ విడివిడిగా రాయండి. ఒకటే రాసి పై గ్రేడు వేస్తే గొడవ, కింది గ్రేడు వేస్తే మీకు నష్టం. ఆ బూడిదరంగు స్టీలు ముల్లు పని. హిట్టు పాట వైపే పెళ్ళి తర్వాత పెళ్ళి, షష్ఠి తర్వాత షష్ఠి వేసి వేసి గాడి అరిగిపోయింది. వెనకవైపు పాటకి ఒక్క పెళ్ళివారూ కబురు పంపలేదు.

మొన్న మండపేట నుంచి అలాంటిదే ఒకటి కొన్నాను. హిట్టు వైపు ముల్లు పెడితే వేరుశెనక్కాయలు వేయిస్తున్న చప్పుడు, దాని వెనక ఎక్కడో పాట. తిప్పాను. ఈ ప్లేటు మా పెట్టెలోనూ ఉండేది, సైకిలు మీద ఎన్ని ఊళ్ళు మోశానో. మా నాన్న ఆ వైపు ఎప్పుడూ వెయ్యలేదు. అరవై దాటాక మొదటిసారి విన్నాను, పల్లవి అయ్యేసరికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏం పాటో ఇక్కడ రాయను. నాకింకో కాపీ కావాలి, మీరంతా రేటు పెంచేస్తారు.